రెండు మందులకూ ఫిట్స్ ఆగడం లేదు, మూడోది కలుపుదాం అంటున్నారు – అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తెనాలి సుజాత

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్లు నిండాయి, బరువు 17 కిలోలు. పుట్టిన రెండో రోజు పాలు సరిగా తాగక షుగర్ బాగా పడిపోయి ఐసీయూలో పెట్టారు. ఎనిమిదో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. ఎమ్మారైలో మెదడు వెనక భాగంలో రెండు వైపులా దెబ్బ కనిపిస్తోందని రాశారు.

ఇప్పుడు వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటామ్ రెండు సిరప్‌లూ వేస్తున్నాం. ఒక్క పూట కూడా తప్పించలేదు. అయినా ఆగడం లేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల ముందుకి వాల్చేస్తాడు, పళ్లెం అంచు తగిలి నుదుటి మీద కుట్లు కూడా పడ్డాయి. తెల్లవారుజామున నిద్రలో ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతుంది. చూపు నిలిపేసి ఉండిపోవడమైతే రోజంతా ఉంటుంది.

ఈసారి వెళ్తే డాక్టర్ గారు క్లోబజామ్ కలుపుదాం అన్నారు. మా అత్తయ్య గారేమో "పనిచేయని మందు తీసేసి వేరేది ఇవ్వాలి గానీ, దాని మీద ఇంకోటి ఎందుకమ్మా" అంటున్నారు. ఆ మాటలో న్యాయం ఉందనిపిస్తోంది. ఓపీలో బయట అంతమంది పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉంటే ఇవన్నీ అడగడానికి వీలవలేదు. మూడు మందులు వాడుతున్న పిల్లలు ఎవరైనా ఉన్నారా? మత్తుగా పడుకుంటారా? ఎన్నాళ్లు చూడాలి?

విశాఖ రమణ

సుజాత గారూ, మా పాప ఇవే మూడు మందుల మీద ఉంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. క్లోబజామ్ వల్ల మాకు జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మొదట్లో మత్తు బాగా ఉంది. స్కూల్లో బెంచీ మీదే పడుకునేది. చొంగ విపరీతంగా కారేది, మెడకి కట్టిన కర్చీఫ్ గంటకోటి తడిసిపోయేది. డాక్టర్ గారు పొద్దున మోతాదు తగ్గించి రాత్రికి ఎక్కువ వేయమన్నారు, పెంచడం కూడా నెమ్మదిగా చేశారు. అప్పుడు మత్తు సర్దుకుంది. తల వాల్చేసేవి మాత్రం మొదటి వారంలోనే బాగా తగ్గాయి. అన్నం తనంతట తను తినగలిగింది, అది మాకు చాలా పెద్ద విషయం.

కొన్ని నెలల తర్వాత మళ్లీ కొన్ని మొదలయ్యాయి. ఈ మందుకి ఒళ్లు అలవాటు పడుతుందని, కొందరు పిల్లల్లో ఇలా అవుతుందని చెప్పారు. మోతాదు కొంచెం పెంచారు. పూర్తిగా ఆగిపోయాయని చెప్పను, కానీ మునుపటితో పోలిస్తే పాప జీవితం వేరు.

ఒక జాగ్రత్త. మీ బాబుకి మింగేటప్పుడు పొలమారడం, తరచూ కఫం పట్టడం ఉంటే అది డాక్టర్‌కి ముందే చెప్పండి. చొంగ, కఫం ఈ మందుతో పెరుగుతాయి.

పిల్లల న్యూరో డాక్టర్

నేను పిల్లల న్యూరాలజీలో పనిచేస్తున్నాను. బాబుని చూడకుండా మోతాదులు చెప్పను, మీ డాక్టర్ గారి నిర్ణయం తప్పో ఒప్పో కూడా చెప్పను. మీ అత్తయ్య గారి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాలి, ఎందుకంటే అది సరైన ప్రశ్న.

మొదటి మందు అసలు పనిచేయకపోతే సాధారణంగా మేం చేసేది ఆవిడ చెప్పిందే. రెండోది మొదలుపెట్టి, అది తగిన మోతాదుకి వచ్చాక మొదటిది మెల్లగా తీసేస్తాం. కానీ మందు సగం పనిచేస్తూ ఉంటే? రోజుకి ముప్పై వచ్చేవి పదికి తగ్గి అక్కడ ఆగిపోతే, ఆ మందు తీసేస్తే ముప్పై మళ్లీ వస్తాయి. అప్పుడు కలపడమే దారి. కలిపేటప్పుడు కూడా మెదడులో వేరే వేరే చోట పనిచేసే మందుల్ని కలుపుతాం. క్లోబజామ్ మెదడు కణాల్ని శాంతపరిచే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది, లెవెటిరాసిటామ్ పనిచేసే చోటు పూర్తిగా వేరు. అదే కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటివి రెండూ మెదడు కణాల్లోకి సోడియం వెళ్లే దారుల మీదే పనిచేస్తాయి. వాటిని జత చేస్తే లాభం కంటే కళ్లు తిరగడం, తూలడం ఎక్కువ.

తల వాల్చేయడం, నిద్రలో బిగుసుకోవడం, చూపు నిలిపేయడం మూడూ ఉన్నాయన్నారు కాబట్టి మీ డాక్టర్ లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ గురించి ఆలోచిస్తూ ఉండొచ్చు. చిన్నతనంలో మొదలై, ఒకే బిడ్డకి రకరకాల ఫిట్స్ వచ్చే మొండి మూర్ఛ అది. నిద్రలో తీసిన ఈఈజీతో, అంటే తలకి వైర్లు అంటించి మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్షతో అది తేలుతుంది. అందులో క్లోబజామ్ బాగా తెలిసిన మందు. అమెరికాలో 2011లో రెండేళ్లు దాటిన పిల్లలకి సరిగ్గా ఇదే జబ్బుకి, ఇలా జత మందుగానే అనుమతి ఇచ్చారు. పుట్టిన వారంలో షుగర్ పడిపోయి మెదడు వెనక భాగం దెబ్బతిన్న పిల్లలు మన దేశంలో చాలామంది ఉన్నారు. మా వార్డులో అలాంటి పిల్లలు లేని రోజు ఉండదు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటారు. అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2010లో పెట్టిన నిర్వచనం ఇది. అలా గీత గీయడానికి కారణం ఉంది. గ్లాస్గోలో 525 మంది మీద జరిగిన అధ్యయనం 2000లో వచ్చింది. వాళ్లలో అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో మొదటి మందుతో ఫిట్స్ ఆగినవాళ్లు 47 శాతం. రెండో మందుతో ఇంకో 13 శాతం. మూడోదానితోనో, రెండు కలిపితేనో ఆగినవాళ్లు 4 శాతమే. అందులో పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ, అయినా పిల్లల్లోనూ దారి అటే ఉంటుంది.

దీని అర్థం మూడో మందు దండగ అని కాదు. పూర్తిగా ఆగకపోయినా సగానికి తగ్గితే, పడిపోవడం ఆగితే, అది పెద్ద లాభమే. కానీ మూడో మందు మొదలుపెట్టే రోజే ఇంకో పని కూడా మొదలవ్వాలి: అసలు కారణం ఏంటి, ఆపరేషన్‌కి అవకాశం ఉందా, ఆహార చికిత్స పనికొస్తుందా అని చూడటం. మందు తర్వాత మందు కలుపుతూ ఏళ్లు గడిపేయడమే నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం.

ఈసారి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఈ మందు ఏ రకం ఫిట్స్ కోసం? ఏ మోతాదు దాకా, ఎంత మెల్లగా పెంచుతారు? పనిచేసిందా లేదా అని ఎప్పుడు తేలుస్తారు? పనిచేస్తే పాతవాటిలో ఏది తీస్తారు? పనిచేయకపోతే ఇదే తీసేస్తారు కదా? చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. పనిచేయని మందుని చీటీలో అలాగే వదిలేయడం వల్లే పిల్లలు ఐదారు మందుల మీదకి వెళ్తారు.

నల్గొండ శ్రీను

డాక్టర్ గారి చివరి మాటకి నేను సాక్షిని. మా అమ్మాయి ఒక దశలో నాలుగు మందుల మీద ఉండేది. వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటోన్, టోపిరమేట్, క్లోనజెపామ్. ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోటి కలిపారు, ఎవరూ ఒకటి కూడా తీయలేదు. ఫిట్స్ తగ్గాయా అంటే కొంచెం. పాప మాత్రం బొమ్మలా అయిపోయింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటానికి టైమ్ పట్టేది. జబ్బు వల్లే మందకొడిగా అవుతోందని అన్నారు.

చివరికి ఒక డాక్టరమ్మ రక్తంలో అమ్మోనియా పరీక్ష చేయించారు. అది ఒంట్లో తయారయ్యే వ్యర్థం, పెరిగితే మెదడు మందగిస్తుందట. ఎక్కువ ఉంది. వాల్‌ప్రోయేట్ వల్ల అమ్మోనియా పెరుగుతుందట, టోపిరమేట్ తోడైతే ఇంకా ఎక్కువట. వాల్‌ప్రోయేట్ వేస్తే ఒంట్లో ఫినోబార్బిటోన్ కూడా పేరుకుంటుందని అప్పుడే తెలిసింది. నెలల తరబడి ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ రెండు మందులకి తెచ్చారు. ఫిట్స్ పెరగలేదు. పాప మళ్లీ వాళ్ల అన్నతో పోట్లాడుతోంది. అందుకే అంటున్నా, కలపడం గురించి అందరూ మాట్లాడతారు, తీయడం గురించి కూడా మాట్లాడాలి.

రాజోలు వెంకట్

శ్రీను అన్నా కరెక్ట్. మా మేనల్లుడికి కూడా మందులన్నీ ఆపేసి ఒక ఊళ్లో ఇచ్చే మూలికల పొడి వేస్తున్నాం. ఫిట్స్ బాగానే తగ్గాయి. ఇంగ్లీషు మందులు అన్నేళ్లు వేస్తే లివర్ ఏమవుతుంది?

పిల్లల న్యూరో డాక్టర్

వెంకట్ గారూ, శ్రీను గారు చెప్పింది మీరు చెప్పింది ఒకటి కాదు. ఆయన పాపకి డాక్టర్ పర్యవేక్షణలో నెలల మీద తగ్గించారు. ఫినోబార్బిటోన్, క్లోబజామ్, క్లోనజెపామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

ఆ పొడి విషయంలో మీకో విన్నపం. మూర్ఛకి మూలికల పొడి అని అమ్మేవాటిలో ఫినోబార్బిటోన్ లాంటి మందులే కలిపి ఉన్నట్టు మన దేశంలో పరీక్షల్లో బయటపడింది. ఫిట్స్ తగ్గడానికి కారణం అదే అయి ఉండొచ్చు. అందులో ఎంత మోతాదు ఉందో ఎవరికీ తెలీదు, ఒక నెల పొడి దొరక్కపోతే అది హఠాత్తుగా మందు ఆపేసినట్టే. బాబుని, ఆ పొడిని తీసుకుని దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మిమ్మల్ని తిడతారని భయపడొద్దు. పొడి కూడా మీ అంతట మీరు ఠక్కున ఆపొద్దు.

లివర్ భయం నిజమైనదే. వాల్‌ప్రోయేట్‌తో లివర్ దెబ్బతినే ప్రమాదం రెండేళ్లలోపు పిల్లల్లో, అందులోనూ రెండు మూడు మందులు కలిపి వాడేవాళ్లలో ఎక్కువ. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల్లో అసలు ఇవ్వకూడదు. అందుకే లివర్ పరీక్షలు, ప్లేట్‌లెట్లు చూస్తాం. వాంతులు, ఆకలి చచ్చిపోవడం, విపరీతమైన మత్తు, ఒళ్లు పచ్చబడటం కనిపిస్తే తర్వాతి ఓపీ దాకా ఆగకూడదు.

గుంటూరు మెడికల్ షాప్

నేను ఫార్మసిస్టుని. కౌంటర్ దగ్గర రోజూ చూసేవి కొన్ని రాస్తాను, మూడు మందులు వాడే ఇళ్లలో ఇవే తేడా చేస్తాయి.

సిరప్ ఎన్ని ఎం.ఎల్. అన్నది ఒక్కటే చూడొద్దు, ఒక ఎం.ఎల్.లో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూడండి. లెవెటిరాసిటామ్ సిరప్ సాధారణంగా ఒక ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములు. వాల్‌ప్రోయేట్ సిరప్ 5 ఎం.ఎల్.కి 200, అంటే ఒక ఎం.ఎల్.కి 40. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని తొందరలో ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. సీసాల మీద రంగు టేపు అంటించి, దేని సిరంజి దానికి విడిగా పెట్టుకోమని నేను అందరికీ చెప్తాను. ఇంట్లో చెంచాతో కొలవొద్దు, ఒక్కో చెంచా ఒక్కో సైజు ఉంటుంది.

మీ ఊళ్లో బ్రాండ్ దొరకలేదని షాపువాళ్లు వేరే కంపెనీది ఇస్తే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. సీఆర్ అని ఉన్న (మందుని మెల్లగా వదిలే) వాల్‌ప్రోయేట్ మాత్రలు నూరి ఇవ్వకూడదు. మందు అయిపోయే వారం ముందే కొనుక్కోండి, క్లోబజామ్ చీటీ లేకుండా ఇవ్వరు, చిన్న ఊళ్లలో స్టాకు కూడా ఉండదు.

జ్వరానికో విరేచనాలకో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మీరు వాడే మందుల చీటీ ముందు బల్ల మీద పెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఫిట్స్ తెప్పించగలవు. ఆసుపత్రిలో పడుకోబెట్టి మెరోపెనెమ్ ఇంజెక్షన్ ఇచ్చే పరిస్థితి వస్తే, బాబు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నాడని గట్టిగా గుర్తుచేయండి. ఆ ఇంజెక్షన్‌తో రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే దారుణంగా పడిపోతుంది, మోతాదు పెంచినా నిలబడదు.

కరీంనగర్ టీచర్ నాన్న

సుజాత గారికి ఇప్పుడు అవసరం లేకపోవచ్చు, కానీ తర్వాత ఎవరైనా లామోట్రిజిన్ కలుపుదాం అంటే ఇది గుర్తుంచుకోండి. వాల్‌ప్రోయేట్ వాడుతున్న పిల్లల్లో లామోట్రిజిన్ ఒంట్లోంచి పోవడానికి రెట్టింపు సమయం పడుతుంది. అందుకే చాలా అంటే చాలా తక్కువతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. మా వాడికి డాక్టర్ గారు ఒక చార్ట్ రాసిచ్చారు, మా అమ్మ "ఇంత చిన్న ముక్కకి ఏం తగ్గుద్ది" అని పోరుపెట్టింది. తొందరపడి పెంచితే ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, తోలు ఊడిపోయే దాకా వెళ్లొచ్చని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి మేం చార్ట్ తప్పలేదు. మొదటి రెండు నెలలూ రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లు చూసేవాళ్లం. ఏమీ రాలేదు. మా వాడికి ఆ జంట బాగా కుదిరింది. నీళ్లలో కరిగే చిన్న మాత్రలు వస్తాయి, అవి సులువు.

రామగుండం లక్ష్మి

టోపిరమేట్ వాడే పిల్లల తల్లులకి ఒక మాట. మా ఊరి ఎండలు మీకు తెలుసు. మే నెలలో మా పాపకి వారం పాటు జ్వరం, ఏ పరీక్షలోనూ ఏమీ లేదు. ఒళ్లు కాలిపోతోంది గానీ నుదుటి మీద చెమట చుక్క లేదు, చంకలు కూడా పొడిగా ఉన్నాయి. ఆ మందు వల్ల కొందరు పిల్లలకి చెమట పట్టదట. జోనిసమైడ్ కూడా అంతేనట. తడి బట్టతో తుడుస్తూ, కూలర్ దగ్గరే ఉంచి, నీళ్లు బాగా తాగించాం. నీళ్లు తాగకపోతే ఈ మందుతో కిడ్నీలో రాళ్లు కూడా వస్తాయన్నారు. చలికాలంలో మందు మొదలుపెట్టారు కాబట్టి ఎండాకాలం సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు మాత్రం ఉగాది వచ్చేసరికే డాక్టర్‌ని అడగండి.

ఎడిసన్ మాధవి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయికి డ్రావే సిండ్రోమ్, అంటే ఎక్కువగా జన్యు మార్పు వల్ల పసితనంలోనే మొదలయ్యే మొండి మూర్ఛ. అయిదో నెలలో టీకా తర్వాత జ్వరం వచ్చి అరగంట పైన ఫిట్స్. తర్వాత వేడి నీళ్ల స్నానానికి కూడా వచ్చేవి. మేం అప్పుడు ఇండియాలోనే ఉన్నాం. కార్బమజెపిన్ ఇచ్చారు, ఇంకా పెరిగాయి. తర్వాత జన్యు పరీక్షలో ఎస్సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు అని తేలింది. ఈ జబ్బులో కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ లాంటివి ఫిట్స్‌ని పెంచుతాయి. కారణం తెలిశాక అది తీసేయడమే మాకు సగం చికిత్స అయింది. అందుకే జన్యు పరీక్ష ఖర్చు ఎక్కువైనా, అవకాశం ఉన్నవాళ్లు దాని గురించి అడగండి.

ఇప్పుడు వాడు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, వాటితోపాటు కన్నాబిడియోల్ (గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ) మీద ఉన్నాడు. ఇది 2018లో ఇక్కడ డ్రావేకి, లెనాక్స్-గాస్టోకి అనుమతి వచ్చిన శుద్ధి చేసిన మందు. ఇది కలిపితే క్లోబజామ్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం బాగా పెరుగుతుంది. మా వాడు రోజంతా నిద్రపోతుంటే క్లోబజామ్ తగ్గించారు, లేచి తిరిగాడు. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరుగుతాయి, అందుకని రక్త పరీక్షలు తప్పవు. ఆన్‌లైన్‌లో దొరికే సీబీడీ నూనెలు దీనితో సమానం కాదు, దయచేసి కొని వేయకండి. ఫెన్‌ఫ్లూరమైన్ గురించి కూడా ఇక్కడ చెప్పారు. ఒకప్పుడు బరువు తగ్గడానికి వాడేవారట, గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని 1997లో మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పుడు తక్కువ మోతాదులో డ్రావే పిల్లలకి ఇస్తున్నారు, గుండె స్కాన్ చేస్తూ. మేం ఇంకా నిర్ణయించుకోలేదు.

అనంతపురం పద్మజ

డాక్టర్ గారు ఆపరేషన్ మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. మా పాపకి ఫిట్స్ ఎప్పుడూ ఎడమ చేయి లాగడంతోనే మొదలయ్యేవి. మందు మీద మందు కలుపుతూ నాలుగేళ్లు గడిచాయి. మొదటి ఎమ్మారై నార్మల్. తర్వాత త్రివేండ్రం శ్రీచిత్రకి వెళ్లాం. అక్కడ మూర్ఛ కోసమే ప్రత్యేకంగా పెద్ద కేంద్రం ఉంది. మళ్లీ ఎమ్మారై తీశారు, వీడియో ఈఈజీలో పెట్టి ఫిట్స్ వచ్చేదాకా రికార్డు చేశారు. కుడి వైపు చిన్న చోట మెదడు పొర పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదని తేలింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఒకే మందు మీద ఉంది, ఫిట్స్ లేవు. ఎడమ చేతి వేళ్లలో పట్టు కొంచెం తగ్గింది, ఇది జరగొచ్చని ముందే చెప్పి సంతకం చేయించుకున్నారు.

మాకు బెంగళూరు నిమ్హాన్స్ దగ్గరే అయినా తెలిసినవాళ్లు ఉండటం వల్ల త్రివేండ్రం వెళ్లాం. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా మూర్ఛ ఆపరేషన్లు చేస్తారు.

పిల్లల న్యూరో డాక్టర్

పద్మజ గారూ, రాసినందుకు ధన్యవాదాలు. దీనికి మన దేశం నుంచే గట్టి ఆధారం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకి లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, మందులు మాత్రమే వాడినవాళ్లలో 7 శాతం మందికి. 2017లో వచ్చింది. ఆపరేషన్ గుంపులో మూడో వంతు పిల్లలకి ఒక పక్క బలహీనత లాంటి ఇబ్బందులు వచ్చాయి, అవి చాలావరకు ముందే ఊహించినవి. అది కూడా తల్లిదండ్రులకి చెప్పాల్సిందే.

ఫిట్స్ ఒకే చోట నుంచి మొదలయ్యే పిల్లలకి ఈ లెక్క. సుజాత గారి బాబుకి దెబ్బ రెండు వైపులా ఉంది కాబట్టి ఇది నేరుగా వర్తించకపోవచ్చు. అయినా పెద్ద కేంద్రంలో ఒకసారి చూపించి "వీలు కాదు" అని రాయించుకున్నా, అది కూడా ఒక స్పష్టతే.

కూకట్‌పల్లి అనూష

ఆహార చికిత్స గురించి ఎవరూ వివరంగా రాయలేదు. మా బాబుకి మోడిఫైడ్ అట్కిన్స్ డైట్ ఏడాదిగా నడుస్తోంది. పిండి పదార్థాలు రోజుకి కొన్ని గ్రాములే, కొవ్వు ఎక్కువ. అన్నం, ఇడ్లీ, పాలలో చక్కెర ఏమీ లేవు. గుడ్లు, వెన్న, పనీర్, కొబ్బరి, చికెన్, తోటకూర. పప్పు కూడా కొలిచే. కొబ్బరిపొడి, గుడ్డు కలిపి దోసెలా వేస్తాను, అంచులు కరకరలాడితే తింటాడు, మెత్తగా ఉంటే పక్కకి నెట్టేస్తాడు. మొదట్లో మా మామగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, పిల్లాడి ముందు మనం అన్నం ఎలా తింటాం అని.

లండన్‌లో 145 మంది పిల్లల మీద చేసి 2008లో వేసిన పరిశోధనలో, మూడు నెలలు కీటో డైట్ (ఇలాగే కొవ్వు ఎక్కువ, పిండి పదార్థాలు తక్కువ ఉండే తిండి) మీద ఉన్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, మామూలు తిండి మీద ఉన్నవాళ్లలో 6 శాతం మందికే. అన్ని మందులు వాడాక కూడా ఇంత ఫలితం వచ్చిందని చూసే మేం ఒప్పుకున్నాం. మా వాడికి సగం కంటే బాగానే తగ్గాయి, ఒక మందు పూర్తిగా తీసేశారు.

సిరప్‌లలో చక్కెర ఉంటుంది, డైట్ మొదలుపెట్టే ముందు మాత్రలకి మార్చాలి. గుడిలో ప్రసాదం, పక్కింటివాళ్ల చాక్లెట్ రెండూ చూసుకోవాలి. యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు. కొన్ని జీవక్రియ జబ్బుల్లో ఈ డైట్ ప్రమాదం, ముందు పరీక్షలు చేస్తారు, డైటీషియన్ ఉండాలి.

తెనాలి సుజాత

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అన్నీ ప్రింట్ తీసి మా అత్తయ్య గారికి చదివి వినిపించాను. అమ్మోనియా సంగతి, తీసేయడం సంగతి విని "అదిగో, నేను చెప్పలా" అన్నారు. తర్వాత ఆవిడే నాతోపాటు ఆసుపత్రికి వచ్చారు.

ప్రశ్నల కాగితం చూసి డాక్టర్ గారు విసుక్కోలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కోదానికీ జవాబు చెప్పారు. ఫోన్‌లో తీసిన వీడియోలు చూశారు. నిద్రలో ఈఈజీ తీశారు, లెనాక్స్-గాస్టో అనే చెప్పారు. క్లోబజామ్ తల వాల్చేసేవాటి కోసమే. రాత్రి మాత్రమే, చాలా తక్కువతో మొదలు. మూడు నెలలకి లెక్క చూద్దాం అన్నారు, అందుకని క్యాలెండర్‌లో తల వాల్చినవాటికి చుక్క, బిగుసుకున్నవాటికి గీత పెడుతున్నాం. సగానికి తగ్గకపోతే ఇదే తీసేస్తారట. పనిచేస్తే లెవెటిరాసిటామ్ తగ్గిస్తారట. బాబు కొన్నాళ్లుగా కొరకడం, తల గోడకి కొట్టుకోవడం చేస్తున్నాడు, అది ఆ మందు వల్ల కావచ్చన్నారు. మేం మొండితనం అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. ఆహార చికిత్సకి కూడా పేరు రాయించాం.

మొదలుపెట్టి వారం అయింది. పగలు కొంచెం మత్తుంది. చుక్కలు తగ్గాయి.

ఇంకొక్కటి అడగాలి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాశారు. స్కూల్లో ఇస్తే మాకు భయం అంటున్నారు వాళ్లు. మీ పిల్లల స్కూళ్లలో ఎలా ఒప్పించారు?

పిల్లల న్యూరో డాక్టర్

చాలా సంతోషం అమ్మా. స్ప్రే తల వాల్చేసే చిన్నవాటికి కాదు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే, లేదా మధ్యలో తెలివి రాకుండా వెంటవెంటనే వస్తే వాడాలి. బాబు బరువుకి ఏ ముక్కులో ఎన్ని సార్లు కొట్టాలో మీ డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించండి. కొత్త సీసా అయితే వాడే ముందు గాలిలోకి కొట్టి తుంపర వస్తోందో లేదో చూడాలి, ఎన్నిసార్లు కొట్టాలో పెట్టె మీద ఉంటుంది. బరువు పెరిగితే మోతాదు మళ్లీ రాయించాలి.

కడప ప్రైమరీ టీచర్

నా క్లాసులో ఇలాంటి పాప ఉంది కాబట్టి టీచర్ వైపు నుంచి చెప్తాను. మా భయం మందు గురించి కాదు, ఏదైనా అయితే మా మీదకి వస్తుందని. ఆ పాప నాన్నగారు డాక్టర్ లెటర్‌తోపాటు, స్ప్రే వాడటానికి మాకు అనుమతి ఇస్తున్నట్టు సంతకం చేసి ఇచ్చారు. హెడ్‌మాస్టర్ గారి దగ్గర ఒక కాపీ, నా బీరువాలో ఒక కాపీ. తర్వాత ఒకరోజు వచ్చి ఖాళీ అయిన పాత సీసాతో నాకు, ఆయాకి, పక్క క్లాసు టీచర్‌కి చేసి చూపించారు. చూశాక మాకు ధైర్యం వచ్చింది.

మా గోడ మీద కాగితం అంటించాం. ముందు గడియారం చూడు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు. అయిదు నిమిషాలైతే స్ప్రే, 108కి ఫోన్, తర్వాత అమ్మకి ఫోన్. మిగతా పిల్లలకి కూడా నేర్పాను, పాప పడిపోతే బల్లలు జరపడం వాళ్ల పని. ఒకసారి నిజంగానే అవసరం పడింది, మూడో తరగతి పిల్లలు అరవకుండా బల్లలు జరిపారు.

మీ బాబుకి తల వాల్చేసేవి ఎక్కువ కాబట్టి గోడ పక్కన, చేతులున్న కుర్చీ అడగండి, బల్ల అంచుకి గుడ్డ చుట్టించండి. స్ప్రే మీద ఎక్స్‌పైరీ తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, జూన్‌లో బడి తెరిచేటప్పుడు ఒకసారి వచ్చి చూసుకోండి. స్కూల్ వాళ్లు ఇంకా ఒప్పుకోకపోతే చెప్పండి, మేం వాడిన లెటర్ నమూనా పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను.